హుసేన్‌బీ పెట్టిన పేరు

మనోహర్ ఫోను పట్టుకొని వచ్చి నా మంచం మీద కూర్చున్నాడు. మనోహర్ నా తమ్ముడి కొడుకు. ఆత్మకూరులో వాళ్ల ఇల్లు మా పక్క వీధిలోనే. వాడి భార్య సింధుకు మగబిడ్డ పుట్టాడు, ఇంకా పేరు పెట్టలేదు. నేను ఉద్యోగం చేసినన్నాళ్లూ బళ్లో తెలుగు చెప్పినదాన్ని కనుక పేర్ల విషయంలో నాకేదో అధికారం ఉందని ఇంట్లోవాళ్లకే కాదు, వీధిలోవాళ్లకూ నమ్మకం. "అత్తా, 'రి' అక్షరంతో రావాలంట. ఎవురికీ లేని పేరు ఒకటి చెప్పు," అన్నాడు. 'రి'తో నాకు వెంటనే ఏదీ తోచలేదు. రిపుంజయుడు అన్నాను. "బాగుండాది అత్తా," అన్నాడు మర్యాదగా, "కొంచెం పాతగా ఉండాది." మళ్లీ ఫోనులో వేలు పెట్టి పైకి తోస్తూ పోయాడు. ఒకదాని కింద ఒకటి పేర్లు వస్తూనే ఉన్నాయి. వాడి వేలు ఎక్కడా ఆగడం లేదు. వాడి పక్కన కూర్చుని ఆ పేర్లను చూస్తూ ఉంటే, ఈ సమయంలో తమ్ముడు ఉండి ఉంటే ఎంత నవ్వేవాడో అనిపించింది. ఎవరికీ లేని పేరుతో బతకడం ఎలా ఉంటుందో వాడికి తెలిసినంతగా ఈ చుట్టుపక్కల ఇంకొకరికి తెలియదు. నిరుడు ఎండాకాలంలో వాడు పోయాడు. వాడి పేరు అమానతు.

అమానతు అనే పేరు గొర్రెలు కాచుకొనే మా కుటుంబంలోకి ఎలా వచ్చిందో చెప్పాలంటే ఉదయగిరిలో మా ఇంటి సంగతి చెప్పాలి. కొండ కింద చివరి వీధి మాది. మధ్యాహ్నం దాటిందంటే కొండ నీడ ఇళ్ల మీదికి వచ్చేది, వంటలన్నీ ఆ నీడలోనే అయ్యేవి. ఇంటి ముందు జీవాల దొడ్డి. పొద్దున్నే నాయన దొడ్డి తడిక తీసి జీవాలను బయటికి తోలుతుంటే లేచే దుమ్ము, పెంటికల వాసన, పొయ్యి మీద రాగిసంగటి ఉడికే వాసన, అన్నీ కలిసి ఒక్కటిగా ఉండేవి. ఇప్పటికీ ఎక్కడైనా మేకల మంద రోడ్డు దాటుతుంటే నాకు ఆకలేస్తుంది. మా పెరటికి, పక్కింటికి మధ్య రేగుకంప వేసిన దడి. దడి అవతల హుసేన్‌బీ ఇల్లు. వాళ్లు చెక్క గరిటెలు, చెంచాలు చేసేవాళ్లు. మగవాళ్లు కొండ మీద నుంచి తెచ్చిన కర్రను చెక్కితే, ఆడవాళ్లు అరుగు మీద కూర్చుని ఉప్పుకాగితంతో నున్నగా రుద్దేవాళ్లు. ఆ గరగరమనే రాపిడి శబ్దం మా ఇంట్లో ఎప్పుడూ వినిపిస్తూనే ఉండేది. పండగ రోజు అది ఆగిపోతే ఏదో వెలితిగా ఉండేది. హుసేన్‌బీ చీర కొంగు దులిపితే పచ్చి చెక్క పొడి రాలేది. ఆమె దగ్గరికి పోతే ఆ వాసనే, తీయగా, కొంచెం వగరుగా.

ఆ రోజుల్లో మా వీధిలో పేర్లకు పెద్ద కరువు. పెంచలకోన నరసింహస్వామి పేరు మీద సగం మంది పెంచలయ్యలు, మిగతా సగంలో దర్గా పేరు మీద మస్తానయ్యలు, ఇంకా మిగిలితే రమణయ్యలు. అందుకని పొడుగు పెంచలయ్య, బావి కాడ పెంచలయ్య, నత్తి పెంచలయ్య అని పిలుచుకొనేవాళ్లం. మా తాత పేరూ పెంచలయ్యే. మొగుడి పేరు నోటితో పలకకూడదు కనుక మా అవ్వ ఆ వీధిలో సగం మందిని ఏ పేరుతోనూ పిలవలేకపోయేది. "ఒరే, కోనోడా," అని ఒక్క కేక పెట్టేది. నలుగురైదుగురు ఒక్కసారి తిరిగి చూసేవాళ్లు. తాత పోయి చాలా ఏళ్లయినా ఆ పట్టింపు వదల్లేదు. పొగాకు కాడ నములుతూ, దొడ్డి పక్కన రాతి మీద కూర్చుని, ఎవరు ఎటు పోతున్నారో చూస్తూ ఉండేది. ఇంట్లో ఏది జరగాలన్నా ఆ రాతి మీదనుంచి మాట రావాలి.

నా తరువాత మా అమ్మకు ఇద్దరు మగబిడ్డలు పుట్టి పోయారు. పెద్దవాడికి వెంకటరమణ అని, రెండోవాడికి చెన్నకేశవులు అని పేర్లు పెట్టారు. ఊరందరినీ పిలిచి, పప్పన్నం పెట్టి, గట్టిగా పేరు పలికించారు. పెద్దవాడు పళ్లు రాకముందే పోయాడు. రెండోవాడు బోర్లాపడడం నేర్చుకున్నాడు, అంతే. వాళ్ల ముఖాలు నాకు గుర్తులేవు. ఖాళీ ఊయల చీర దూలానికి వేలాడుతూ ఉండడం, అమ్మ దాన్ని విప్పనివ్వకపోవడం మాత్రం గుర్తుంది. మూడోసారి అమ్మ కడుపుతో ఉన్నప్పుడు అవ్వ ఒక నిర్ణయానికి వచ్చింది. "పేరు పెట్టి పిలిస్తే ఎముడికి వినపడతాది. ఈసారి పేరు లేదు, పెంకు లేదు. మన బిడ్డే కాదు పో," అంది. కానీ అమ్మ మనసులో ఒక పేరు ఉంది. పంచాయతీ ఆఫీసు అరుగు మీద సాయంత్రం పూట రేడియో పెట్టేవాళ్లు. నీళ్లు మోసుకొస్తూ ఒకరోజు అందులో మనోహర్ అనే పేరు విన్నదట. ఇంటికొచ్చి నా తల దువ్వుతూ, "ఎంత బాగుండాది మే ఆ పేరు. మన వీధిలో ఒక్కడికీ లేదు," అంది. అదే జడను మళ్లీ విప్పి మళ్లీ అల్లింది.

తమ్ముడు పుట్టిన రోజు అవ్వ బిడ్డకు నీళ్లు పోయించి, పాత గుడ్డలో చుట్టి, చాటలో పడుకోబెట్టింది. అమ్మ గోడకు ఆనుకొని చూస్తూ ఉంది. అవ్వ చాట ఎత్తుకొని వీధిలోంచి చుట్టూ తిరిగి హుసేన్‌బీ ఇంటికి నడిచింది. నేను వెనకాలే పోయాను. హుసేన్‌బీ కన్న బిడ్డలందరూ దక్కారు. ఇంటినిండా పిల్లలు, చివరివాడు ఇంకా పాలు మరవలేదు. ఆమె చెయ్యి చల్లనిదని అందరూ అనేవాళ్లు. అందుకే అవ్వ ఆమెను ఎంచుకుంది. గడప దగ్గర చాట దించి, "ఈ బిడ్డని నీకు అమ్ముతుండా. పిడికెడు తవుడు పెట్టు," అంది. హుసేన్‌బీ చేతిలో గరిటె పక్కన పెట్టి లేచింది. ఇలాంటి తంతు ఆమెకు కొత్త కాదు, అందరూ చేసేదే. తవుడు ఇచ్చి బిడ్డను తీసుకుంటే, కాసేపాగి మళ్లీ కొనుక్కొని ఇంటికి తీసుకుపోవడం వాడుక. ఆమె లోపలికి పోయి తవుడు తెచ్చి అవ్వ కొంగులో పోసింది. అవ్వ దాన్ని ముడేసుకొని, "నడిచిందాకా నీ కాడే ఉండనీ. నడిచినాక వచ్చి కొనుక్కుంటా," అని వెనక్కి తిరిగింది. హుసేన్‌బీ చాట వైపు చూసింది, మా అవ్వ వీపు వైపు చూసింది. "అట్నే అవ్వా," అంది చివరికి.

ఆ నెలలన్నీ అమ్మ తన బిడ్డ దగ్గరికి చుట్టంలా పోయివచ్చేది. వీధి చుట్టూ తిరిగి, హుసేన్‌బీ గడప దాటి, చాప మీద కూర్చుని పాలిచ్చేది. వాడి కడుపు నిండాక హుసేన్‌బీ వచ్చి బిడ్డను అందుకొనేది. రాత్రుళ్లు హుసేన్‌బీయే తన చివరివాడితో పాటు వాడికీ పాలిచ్చేది. పగలు ఆమె కాళ్లు చాపుకొని కూర్చుని, కాళ్ల మీద వాణ్ని పడుకోబెట్టి నూనె రాసి నీళ్లు పోసేది. సాంబ్రాణి పొగ, ఆముదం, చెక్కపొడి, ఇవన్నీ కలిసిన ఒక వాసన తమ్ముడి ఒంటికి పట్టుకుంది. అమ్మ ఇంటికొచ్చి తన చేతులు వాసన చూసుకొనేది. నేను చూడడం లేదనుకొనేది. మాకు పెట్టిన నియమం ఇది: వాణ్ని ఎవరూ పేరుతో పిలవకూడదు, అమ్మ వాణ్ని "నా కొడుకు" అనకూడదు. వీధిలో ఎవరైనా అడిగితే "హుసేన్‌బీ బిడ్డ" అని చెప్పాలి. నేను అలాగే చెప్పేదాన్ని. అడిగినవాళ్లకూ సంగతి తెలుసు. తెలిసీ తలూపేవాళ్లు.

ఒకరోజు అమ్మతో పాటు నేనూ ఆ ఇంట్లో ఉన్నాను. బయట అరుగు మీద హుసేన్‌బీ గరిటె రుద్దుతూ ఉంది. అమ్మ పాలిస్తూ ఇటూ అటూ చూసి, వంగి బిడ్డ చెవిలో, "మనోహరూ," అంది. చాలా మెల్లిగా, నాకే సరిగ్గా వినపడనంత మెల్లిగా. బయట గరగర శబ్దం ఆగింది. అమ్మ ముఖం తెల్లబోయింది. తరువాత ఆ శబ్దం మళ్లీ మొదలైంది. హుసేన్‌బీ లోపలికి వచ్చింది. బిడ్డను అందుకొని భుజం మీద వేసుకొని, వీపు తడుతూ పెరట్లోకి పోయింది.

ఆ వారం తిరక్కముందే తమ్ముడికి జ్వరం వచ్చింది. అమ్మ కొయ్యబారిపోయింది. తన నోటి వెంట వచ్చిన ఆ ఒక్క మాటే బిడ్డ మీదికి జ్వరం తెచ్చిందని ఆమె భయం. అవ్వకు చెప్పలేదు, నాయనకు చెప్పలేదు. అన్నం ముట్టకుండా దడి దగ్గర నిలబడి, కంప సందుల్లోంచి అవతలికి చూస్తూ ఉండిపోయింది. తాయెత్తు కట్టారు, దిష్టి తీశారు. మర్నాడు పొద్దున బిడ్డ పాలు తాగడం మానేశాడు. హుసేన్‌బీ వాణ్ని దుప్పట్లో చుట్టుకొని మా గడపలోకి వచ్చి, "నేను ఆత్మకూరు పెద్దాసుపత్రికి తీసకపోతుండా. నువ్వూ రా," అని అమ్మతో అంది. రాతి మీద కూర్చున్న అవ్వ లేచింది. "ఆమె రాకూడదు," అంది. హుసేన్‌బీ అవ్వ వైపు తిరిగి గొంతు పెంచకుండా, "బిడ్డ నాది గదా అవ్వా, నేను కొనుక్కున్న బిడ్డ. నా వెంట ఎవురు రావాల్నో నేను చెప్తా," అంది. అవ్వ మళ్లీ కూర్చుంది. మా అవ్వ మాటకు ఎదురు రావడం నేను చూసింది ఆ ఒక్కసారే.

నన్ను ఇంట్లో వదలాలని ఎవరికీ తోచలేదు కాబట్టి నేనూ బస్సెక్కాను. నేను ఆత్మకూరు చూడడం అదే మొదలు. బస్టాండు దగ్గర బజ్జీల నూనె వాసన, సంతకొచ్చిన ఎడ్లు, కాగితాలు పట్టుకొని ఆఫీసుల వైపు పోతున్న మనుషులు. ఇప్పుడు నేను రోజూ కూరగాయలకు పోయే దారి అదే. ఆ పొద్దు మాత్రం అమ్మ కొంగు పట్టుకొని పరిగెత్తాను. ఆసుపత్రిలో చీటీ రాసే ఆయన తల ఎత్తకుండానే, "బిడ్డ పేరు?" అన్నాడు. "పేరు చెప్పండమ్మా, వెనక జనం ఉండారు," అన్నాడు. అమ్మ పెదాలు కదిలాయి. చప్పుడు రాలేదు. హుసేన్‌బీ అమ్మ ముఖంలోకి చూసింది, చేతిలో బిడ్డను చూసింది. "అమానతు," అంది. "తల్లెవరు?" అన్నాడాయన. హుసేన్‌బీ "నేనే," అంది. అమ్మ పక్కనే నిలబడి ఉంది. రవిక ముందంతా పాలతో తడిసిపోయి ఉంది. చీటీ రాసే ఆయన అప్పుడు తల ఎత్తి, ఇద్దరినీ చూసి, చీటీ చింపి ఇచ్చాడు.

డాక్టరు సూది వేశాడు. గొట్టం పెట్టారు. వరండాలో గచ్చు మీద మేం ముగ్గురం కూర్చున్నాం. అమ్మ ఒక పక్క, హుసేన్‌బీ ఒక పక్క, మధ్యలో నేను. సాయంత్రానికి బిడ్డ కళ్లు తెరిచి ఏడ్చాడు. ఆ ఏడుపు వినగానే ఇద్దరూ ఒక్కసారే లేచారు. లోపలినుంచి నర్సు వచ్చి, "పాలిచ్చే ఆమె రండి," అంది. హుసేన్‌బీ మళ్లీ కూర్చుంటూ అమ్మను ముందుకు తోసింది. ఇంకొన్ని రోజులు అక్కడే ఉండి ఇంటికి బయలుదేరాం. తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చున్న అమ్మ అడిగింది: "ఏం పేరు అది, హుసేన్‌బీ?"

"ఒకరు దాచిపెట్టమని మన చేతికి ఇచ్చిన వస్తువు. మనది గాదు. అడిగినప్పుడు ఇచ్చేయాల. దాన్ని అమానతు అంటాం."

"ఆ మాట ఎముడికి చెప్పినావా, మా అత్తకి చెప్పినావా?"

హుసేన్‌బీ ఒళ్లో నిద్రపోతున్న బిడ్డ ముఖం మీద ఈగను తోలింది. "నాకు నేనే చెప్పుకున్నా," అంది. బస్సు ఊళ్లోకి వచ్చేదాకా అమ్మ కిటికీలోంచి బయటికే చూస్తూ ఉంది, ఒక చెయ్యి మాత్రం హుసేన్‌బీ మోకాలి మీద ఉంది.

తమ్ముడు కొంచెం ఆలస్యంగా నడిచాడు. హుసేన్‌బీ అరుగు మీద గరిటెల కుప్ప పట్టుకొని లేచి, దాన్ని వదిలి, ఆమె వైపు కాకుండా వీధి వైపు అడుగులేశాడు. ఆ సంగతి అవ్వకు ఎవరూ చెప్పలేదు. హుసేన్‌బీయే వచ్చి చెప్పింది. "నడిచినాడు అవ్వా," అంది. దాచిపెట్టి ఇంకొన్నాళ్లు వాణ్ని ఉంచుకోవచ్చు, ఎవరికీ తెలిసేది కాదు. అవ్వ మంచి రోజు చూసి తవుడు కొంగులో కట్టుకొని పోయింది. అమ్మ కొత్త చీర కట్టుకుంది. హుసేన్‌బీ తవుడు కొంగు పట్టి తీసుకొని, బిడ్డను దించి, అమ్మ వైపు తిప్పి నిలబెట్టి వదిలింది. వాడు నడిచి అమ్మ కాళ్లకు అడ్డం పడ్డాడు. అమ్మ ఎత్తుకుంది. అందరూ నవ్వారు. హుసేన్‌బీ కూడా నవ్వింది. ఆ మధ్యాహ్నం నేను దడి సందులోంచి చూశాను. ఆమె అరుగు మీద కూర్చుని ఒకే గరిటెను రుద్దుతూ ఉంది. అది ఎప్పుడో నున్నబడింది. ఇంకా రుద్దుతూనే ఉంది. ముఖం తుడుచుకోవడానికి కూడా ఆగలేదు.

తరువాత కొన్ని రోజులు ఆమె మా వైపు రాలేదు. వాడు ఊరుకుంటాడా. అమ్మ ఏమరుపాటుగా ఉంటే చాలు, దడి దగ్గరికి పోయి కంప పట్టుకొని లాగేవాడు. చేతుల నిండా ముళ్లు, గీతలు. ఒకరోజు నాయన జీవాలను తోలుకొని వచ్చి, వాడి చేతులు చూసి, ఎవరితోనూ ఒక్క మాట అనకుండా కత్తి తీసుకొని దడిలో ఒక మనిషి పట్టేంత కంప నరికి పక్కన పడేశాడు. "ఎందుకురా అది?" అని అవ్వ రాతి మీదనుంచి అరిచింది. "బిడ్డకి ముళ్లు గుచ్చుకుంటుండాయి," అన్నాడు నాయన. మా నాయన ఈ వ్యవహారం మొత్తంలో మాట్లాడింది అదొక్కటే. ఆ సందు మళ్లీ ఎవరూ పూడ్చలేదు. తమ్ముడు ఆ సందులోంచి అటూ ఇటూ తిరుగుతూనే పెరిగాడు. అక్కడ సేమ్యాపాలు, ఇక్కడ సంగటి. అక్కడ "అమ్మీ", ఇక్కడ "అమ్మా".

వాణ్ని బళ్లో వేసేటప్పుడు అయ్యవారు పేరు విని నొసలు చిట్లించాడు. "ఇది మనోళ్ల పేరు గాదే. అమరనాథ్ అని రాస్తా, బాగుంటాది," అన్నాడు. అమ్మ పమిట తల మీదికి లాక్కొని నిలబడి ఉంది. తను కోరుకున్న పేరు చెప్పుకొనే అవకాశం ఆమెకు అప్పుడు వచ్చింది. మనోహర్ అంటే ఆయన రాసుకొనేవాడే. నేను ఆమె ముఖం చూస్తూ ఉన్నాను. "ఆ పేరుతోనే బతికినాడయ్యా. మార్చబాకండి," అంది అమ్మ. ఆయన అలాగే రాశాడు.

తమ్ముడు పెద్దయ్యాక బస్సు కండక్టరు అయ్యాడు. ఆత్మకూరు డిపోలోనే ఉద్యోగం. ఉదయగిరి బస్సు మీద డ్యూటీ పడితే వాడికి పండగ. చొక్కా మీద పేరు, నుదుటన విభూతి చూసి ప్రయాణికులు అడిగేవాళ్లు: "ఏందయ్యా, సాయిబువా, మనోడివా?" "ఇద్దరమ్మల బిడ్డని," అని టికెట్టు చించి చేతిలో పెట్టేవాడు. తీరిక ఉంటే, బస్సు ఖాళీగా ఉంటే, చాట దగ్గర్నుంచి మొదలుపెట్టి కథంతా చెప్పేవాడు. వాడికి కొడుకు పుట్టినప్పుడు అమ్మను అడగకుండానే మనోహర్ అని పెట్టాడు. అప్పటికి ఆ పేరు వీధికొకటి ఉంది. వాడి తరగతిలోనే ఇంకో మనోహర్ ఉన్నాడు. అమ్మకు అదేమీ పట్టలేదు. పొద్దున లేచిన దగ్గర్నుంచి పని ఉన్నా లేకపోయినా వాకిట్లో నిలబడి, వీధి చివరిదాకా వినపడేలా "మనోహరూ" అని పిలిచేది. "ఎందుకవ్వా?" అని వాడు పరిగెత్తుకొస్తే, "ఊరికే నాయనా," అనేది. ఆమె పోయేదాకా అలా పిలుస్తూనే ఉంది.

నిరుడు తమ్ముడి గుండె ఆగిపోయినప్పుడు హుసేన్‌బీని ఆమె చిన్నకొడుకు ఆటోలో ఆత్మకూరుకు తీసుకొచ్చాడు. అప్పటికే ఆమె చూపు మసకబారింది. తమ్ముడి భార్య, మా మరదలు, ఆమె చెయ్యి పట్టుకొని వాడి దగ్గర కూర్చోబెట్టింది. హుసేన్‌బీ ఏడవలేదు. వాడి చెంప తడిమి, చిన్నప్పుడు మధ్యాహ్నం అన్నానికి వీధిలోంచి పిలిచినట్టే, "అమానతూ," అని పిలిచింది. కొంచెం ఆగి, వినపడలేదేమో అన్నట్టు ఇంకొంచెం గట్టిగా పిలిచింది. ఆ పిలుపులోని మామూలుతనం నేను తట్టుకోలేక లేచి పెరట్లోకి పోయాను.

ఇదంతా నెమరేసుకుంటూ నేను మంచం మీద కూర్చుని ఉంటే, మనోహర్ ఫోను పక్కన పెట్టి, "నాయన పేరే పెడదామా అత్తా?" అన్నాడు. నేను ఆ మాట కోసమే ఎదురుచూస్తున్నానేమో. అయినా వద్దన్నాను. ఎందుకు వద్దన్నానో వాడికి సరిగ్గా చెప్పలేకపోయాను, ఇక్కడ చెప్పుకోవడానికి ప్రయత్నిస్తాను. ఆ పేరు ఒక భయంలోంచి వచ్చింది. ఒక బిడ్డను చేతిలో పెట్టుకొని, వాడు తనవాడు కాదని తనకు తాను చెప్పుకున్న ఒక మనిషి నోట్లోంచి వచ్చింది. సింధు బిడ్డకు ఆ భయం లేదు. పుట్టకముందే వాడి గుండె చప్పుడు విన్నారు. ఏ నెలలో ఏ టీకా వేయించాలో ఫోనే గుర్తుచేస్తుంది. తల్లి వాణ్ని తన ఒళ్లో పడుకోబెట్టుకొని, ఇష్టమైన పేరుతో, ఇష్టమైనంత గట్టిగా పిలుచుకోవచ్చు. మా అమ్మకు అంతకంటే కావలసింది ఏముంది. ఇది ఎంత మంచిదో తెలిసీ, తెల్లారితే చాలు, దడి అవతలి గరగర శబ్దం కోసం, చాటలో బిడ్డను మోసుకుపోయిన మా అవ్వ నడక కోసం నా ప్రాణం ఎందుకు కొట్టుకుంటుందో నాకు అర్థం కాదు. ఆ రోజులు తిరిగి రావాలని కాదు. వస్తే ఆ బిడ్డలూ మళ్లీ పోతారు. ఆ మనుషులు మాత్రం కావాలి. ఒక బిడ్డ బతకడం కోసం ఇంటిల్లిపాదీ, పక్కిల్లూ ఊపిరి బిగబట్టుకొని నిలబడడం కావాలి. ఇప్పుడు ఆ పని డాక్టర్లు చేస్తున్నారు, బాగా చేస్తున్నారు. మనకు పేర్లు వెతుక్కోవడం మిగిలింది.

చివరికి రియాన్ష్ అని ఖాయం చేశారు. ఆ మాటకు అర్థం ఏ నిఘంటువులోనూ నాకు దొరకలేదు. సింధుకు బాగా నచ్చింది. "వాడి క్లాసులో ఇంకోడికి ఉండదు అత్తా," అంది. నీళ్లు మోసుకొచ్చి నా తల దువ్విన మా అమ్మ కళ్లల్లో వెలుగే ఆ పిల్ల కళ్లల్లోనూ ఉంది. ఇంకేమంటాను. పేరు పెట్టే రోజు బియ్యంలో ఆ పేరు నా చేతనే రాయించారు. 'న'కు 'ష' ఒత్తు, ఆ 'ష'కు పొల్లు ఎక్కడ పెట్టాలో తెలియక తడుముకుంటుంటే మరదలు నవ్వింది.

మరుసటి ఆదివారం బిడ్డను తీసుకొని ఉదయగిరి పోయాం. హుసేన్‌బీ మంచం మీద గోడకు ఆనుకొని కూర్చుని ఉంది. అరుగు మీద ఆమె కొడుకు గరిటెలు రుద్దడానికి కరెంటు మిషను పెట్టాడు. మేం వచ్చామని దాన్ని ఆపాడు. సింధు బిడ్డను ఆమె ఒళ్లో పెట్టింది. హుసేన్‌బీ ముందుగా వాడి పాదాలు తడిమింది, తరువాత తల, తరువాత చెవులు. "తాత చెవులే," అంది. "ఏం పేరు పెట్టినారు?"

"రియాన్ష్, అవ్వా," అన్నాడు మనోహర్.

"రియాజా?"

"రియాజ్ గాదు. రియాన్ష్."

నాకు సిగ్గనిపించింది, ఎందుకో తెలియదు. ఆమె ముందు ఆ పేరు చాలా పలచగా, నిన్ననే కొన్న బట్టలా వినిపించింది. ఏదో సర్దిచెప్పబోయి, "ఈ కాలం పేర్లు అమ్మీ, మన నోటికి తిరగవు," అన్నాను.

"ఎందుకు తిరగవు," అంది హుసేన్‌బీ. "బిడ్డ పేరు తిరక్కపోతే నోరెందుకు. రియాన్సు. అంతేనా?"

"దగ్గరికొచ్చినావు అవ్వా," అన్నాడు మనోహర్.

ఆమె కోడలు అన్నానికి పిలిచింది. బిడ్డను తీసుకోబోతే హుసేన్‌బీ చెయ్యి అడ్డం పెట్టి, "మీరు పోయి తినండి, వాడు నా కాడ ఉంటాడు," అంది. మేం లోపల కూర్చున్నాం. వాకిలి తెరిచే ఉంది. అవతలి గదిలోంచి ఆమె గొంతు వినిపిస్తూనే ఉంది, మెల్లిగా, ఒక్కోసారి ఒక్కోలా. రియాన్సు అంటోంది. ఆగుతోంది. రియాంచు అంటోంది. నాలుక సరిచేసుకొని మళ్లీ మొదటినుంచి ఎత్తుకుంటోంది. మధ్యలో బిడ్డ ఏదో చిన్నగా మూలిగితే, "ఉండరా, నేర్చుకుంటుండా గదా," అంటోంది. ముద్ద చేతిలో పట్టుకొని సింధు వింటూ ఉండిపోయింది. కొంతసేపటికి నా వైపు వంగి, గొంతు తగ్గించి, "అత్తా, ఇప్పుడు కరెక్టుగా పిలిచింది," అంది.